పొద్దుగూకాక స్లాబు ఎందుకు కాలుస్తోంది?

ఈసారి ఉత్తరం కుత్బుల్లాపూర్ వైపు నుంచి వచ్చింది. రాసినది ఒక తల్లి. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది. చివర కొడుకు రాసిన చీటీ కూడా పిన్ను కొట్టి పంపారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

వాళ్లు ఒక ఇంటి డాబా మీద వేసిన గదిలో అద్దెకు ఉంటున్నారు. ఒక గది, వంటిల్లు, నెత్తిన స్లాబు. అద్దె తక్కువని చేరారు. ఆమె భర్త బాలానగర్‌లో ఇనుప సామాన్లకు హీట్ ట్రీట్‌మెంట్ చేసే చిన్న యూనిట్‌లో ఫర్నేస్ దగ్గర పని చేస్తారు. ఆమె ఇంట్లో మిషన్ మీద బ్లౌజులు కుడతారు. ఒక్కడే కొడుకు. తొమ్మిదో తరగతి అయిపోయింది, పదో తరగతి పాఠాలు ఎండాకాలంలోనే మొదలుపెట్టారు.

మార్చి నెలాఖరు నుంచి పిల్లవాడు రాత్రిపూట చదవలేకపోతున్నాడు. "ఫ్యాన్ గాలి తగులుతూనే ఉందమ్మా, కానీ మాడు కాలిపోతోంది. స్లాబు వేడి విసురుతోంది" అంటాడు. తండ్రి ఒప్పుకోరు. "పొద్దుగూకి నాలుగు గంటలైంది. సూర్యుడే లేడు, ఇంక వేడి ఎక్కడిది? చదవడానికి బద్ధకమై సాకులు చెప్తున్నవ్" అంటారు. ప్రతి వస్తువూ ఎప్పుడూ శక్తిని ఇస్తూనే ఉంటుందని మా సైన్సు సారు చెప్పాడు అని పిల్లవాడు అంటే, "ఇరవై ఏండ్ల సంది ఫర్నేస్ ముందు నిలబడుతున్న. ఎర్రగా కాలితేనే ఇనుము వేడి విసిరేది. మన స్లాబు ఎర్రగా ఉందా?" అని ఎదురడిగారు. మాట మీద మాట పెరిగింది. ఒకరోజు మేనమామ వచ్చి ఉండగా, అందరి ముందూ పిల్లవాడు "నీకు చదువు లేదు, నీకేం తెలుసు నాన్నా" అనేశాడు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయారు. మర్నాడే యూనిట్‌లో అడిగి నైట్ షిఫ్ట్ వేయించుకున్నారు. పిల్లవాడు స్నేహితుడి ఇంట్లో చదువుకుని పదకొండు దాటాక వస్తున్నాడు.

"ఇద్దరూ నాతోనే మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. అసలు ఎవరిది కరెక్టు? వాడి మాట నమ్మి ఇల్లు మారాలా? ఆయన మాట నమ్మి వాణ్ని గట్టిగా కూర్చోబెట్టాలా? ఇల్లు మారితే అడ్వాన్సు, సామాన్ల ఖర్చు సరే, ఇక్కడ నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా పోతారు. రోజూ టెన్షన్‌గా ఉంది" అని ఆమె బాధ.

పిల్లవాడి చీటీలో మూడు ప్రశ్నలున్నాయి. అన్ని వస్తువులూ ఎప్పుడూ శక్తిని ఇస్తూనే ఉంటే ఈపాటికి అన్నీ చల్లబడిపోవాలి కదా? స్లాబు కిరణాలు ఇస్తుంటే లైటు ఆర్పినప్పుడు ఎందుకు కనపడదు? ఇది నాన్న అడిగాడట, వీడు చెప్పలేకపోయాడట. మూడోది, నల్లనివే వేడిని బాగా విడుదల చేస్తాయని చదివాం, మరి డాబాకు తెల్లరంగు వేస్తే వేడి స్లాబులోనే ఉండిపోదా?

అమ్మా, మీ ఇంట్లో రెండు తగవులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వేడి గురించి, రెండోది మాట గురించి. మొదటిదాన్ని లెక్క వేసి తేల్చవచ్చు. అది తేలితే రెండోదాని బరువు చాలా తగ్గుతుందని నా నమ్మకం. అందుకే ముందు వేడి సంగతి చెబుతాను. కొంచెం పొడవుగా ఉంటుంది, మీ అబ్బాయి పక్కన కూర్చుని చదివిపెడితే ఇంకా మంచిది.

మీ అబ్బాయి సాకులు చెప్పడం లేదు. గాలి చల్లగా తగులుతున్నా మాడు కాలుతోంది అన్నాడు చూడండి, ఆ ఒక్క మాటలో గాలి ద్వారా వచ్చే వేడినీ, గాలితో పనిలేకుండా నేరుగా వచ్చి తగిలే వేడినీ వేరుచేసి చెప్పాడు. పాఠాలు ఏళ్ల తరబడి చెప్పినదాన్ని, ఈ తేడా పిల్లలకు పట్టుబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాడు ఒంటితో కనిపెట్టాడు.

ఆ నేరుగా తగిలేదాన్నే ఉష్ణ వికిరణం అంటారు. ఏ వస్తువులోనైనా అణువులు ఊరికే ఉండవు, అల్లాడుతూనే ఉంటాయి. వాటిలో విద్యుదావేశం ఉంటుంది కాబట్టి, ఆ అల్లాటలో విద్యుదయస్కాంత తరంగాలు పుట్టి బయటికి వెళ్తాయి. సున్నాకు దిగువన 273 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లార్చితే తప్ప ఈ అల్లాట ఆగదు. అందుకే మంచుగడ్డ కూడా వికిరణం ఇస్తుంది. మీ కుట్టుమిషన్, కత్తెర, కుండలో నీళ్లు, పుస్తకం, మనుషులు, అందరూ అన్నీ ఇస్తూనే ఉంటాయి.

ఎంత ఇస్తాయి అనేదానికి ఒక నియమం ఉంది. 1879లో యోసెఫ్ స్టెఫాన్ ప్రయోగ ఫలితాల నుంచి దాన్ని పట్టుకున్నాడు. 1884లో లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతంతో రుజువు చేశాడు. వస్తువు ప్రతి చదరపు మీటరు నుంచి సెకనుకు విడుదలయ్యే శక్తి, దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ నాలుగో ఘాతాన్ని గుణించవలసిన స్థిరాంకం విలువ 5.67 × 10⁻⁸, జవాబు వాట్లలో వస్తుంది. బాబూ, ఇక్కడ ఒక జాగ్రత్త. పరీక్షల్లో ఈ లెక్క తప్పేవాళ్లలో చాలామంది సెల్సియస్ అంకెనే నాలుగో ఘాతానికి ఎక్కిస్తారు. ముందు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. 27 డిగ్రీల వస్తువు 54 డిగ్రీలకు చేరితే ఉష్ణోగ్రత రెట్టింపు అయినట్టు కాదు. 300 కెల్విన్ నుంచి 600 కెల్విన్‌కు, అంటే 327 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రెట్టింపు. అప్పుడు వికిరణం 16 రెట్లు అవుతుంది.

ఇప్పుడు మీ గదికే ఈ లెక్క వేద్దాం. సులువుగా ఉండడానికి అన్నిటినీ పూర్తి కృష్ణ వస్తువులు, అంటే తమ మీద పడిన వికిరణాన్నంతా పుచ్చుకునేవి, అనుకుందాం. కాంక్రీటు, సున్నం, మనిషి చర్మం నిజంగానే దానికి చాలా దగ్గరగా ఉంటాయి. చర్మం 34 డిగ్రీలు అంటే 307 కెల్విన్. చదరపు మీటరుకు దాదాపు 504 వాట్లు బయటికి పంపుతుంది. చల్లటి రోజుల్లో పైకప్పు 27 డిగ్రీలు ఉందనుకుంటే అది 459 వాట్లు పంపుతుంది. అంటే ఒళ్లు ఇచ్చింది 504, పుచ్చుకున్నది 459. పోయింది 45. హాయిగా ఉంటుంది.

ఏప్రిల్ రాత్రి స్లాబు లోపలి ముఖం 45 డిగ్రీలు ఉందనుకోండి, అంటే 318 కెల్విన్. అది 580 వాట్లు పంపుతుంది. ఒళ్లు ఇచ్చేది అదే 504. ఇప్పుడు 45 పోవలసిన చోట 76 వచ్చి మీద పడుతోంది. ఇది స్లాబుకు ఎదురుగా ఉన్న చర్మానికి లెక్క. కూర్చున్నవాడికి స్లాబుకు సూటిగా ఎదురుగా ఉండేది మాడే. ఫ్యాన్ గాలిని తిప్పగలదు, చెమటను ఆరబెట్టగలదు. స్లాబు నుంచి వచ్చే ఈ కిరణాలను మాత్రం అది ఆపలేదు.

సూర్యుడు లేనప్పుడు ఆ వేడి ఎక్కడిది అని మీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. అది పగటి ఎండే. కాంక్రీటు మందంగా, బరువుగా ఉంటుంది. పైముఖం తాగిన వేడి లోపలి ముఖానికి చేరేసరికి గంటలు పడుతుంది. పైన ఎండ పోయే వేళకు కింద వేడి వస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీది గ్రానైట్ బండలు ఎండాకాలం రాత్రి దాకా సెగ కొట్టేదీ అందుకే.

మీ అబ్బాయి మొదటి ప్రశ్నకు జవాబు పై లెక్కలోనే ఉంది. 1791లో జెనీవాకు చెందిన పియర్ ప్రెవో ఈ సంగతి చెప్పాడు. ప్రతి వస్తువూ ఇస్తుంది, చుట్టూ ఉన్న వస్తువులు ఇచ్చినదాన్ని పుచ్చుకుంటుంది కూడా. నోముల్లో ఆడవాళ్లు "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు చూడండి, అలాగే. అందరూ ఇస్తున్నారు కదా అని ఎవరి పళ్లెమూ ఖాళీ కాదు. వేడి వస్తువు ఎక్కువ ఇస్తుంది, చల్లనిది తక్కువ ఇస్తుంది. ఇచ్చిందీ వచ్చిందీ సమానమయ్యేదాకా ఉష్ణోగ్రత మారుతుంది. సమానమయ్యాక కూడా ఇచ్చిపుచ్చుకోవడం ఆగదు, ఉష్ణోగ్రత మారడం ఆగుతుంది. అబ్బాయీ, ఈ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగు. మంచుగడ్డ దగ్గర చెయ్యి పెడితే చల్లగా అనిపించేది దాని నుంచి చలి వచ్చి కాదు. నీ చెయ్యి ఇచ్చినంత అది తిరిగి ఇవ్వడం లేదు.

రెండో ప్రశ్న మీ ఆయనది. నిజానికి ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న అదే. "ఎర్రగా కాలితేనే విసిరేది" అనే మాటను కొట్టిపారేయకూడదు. అది ఇరవై ఏళ్లు కళ్లారా చూసి చెప్పిన మాట. 1847లో జాన్ విలియం డ్రేపర్ అనే శాస్త్రవేత్త దాన్నే కొలిచాడు. ఘన పదార్థాలు దాదాపు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర చీకట్లో మసక ఎరుపుగా కనిపించడం మొదలవుతుందని తేల్చాడు. అక్కడి నుంచి వేడి పెరిగే కొద్దీ చెర్రీపండు ఎరుపు, నారింజ, పసుపు, చివరికి తెలుపు. ఫర్నేస్ తలుపు తీసి, రంగు చూసి ఇనుము ఎంత కాలిందో చెప్పగలగడం మామూలు నైపుణ్యం కాదు.

అయితే 525 డిగ్రీల దగ్గర మొదలయ్యేది మన కంటికి కనపడడం. వికిరణం అంతకు ముందు నుంచీ ఉంది. 1893లో విల్‌హెల్మ్ వీన్ చెప్పిన నియమం ప్రకారం 2898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే, వస్తువు ఏ తరంగదైర్ఘ్యం (అంటే తరంగం పొడవు) దగ్గర అత్యధికంగా విడుదల చేస్తుందో మైక్రోమీటర్లలో (మీటరులో పది లక్షలో వంతు) వస్తుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5770 కెల్విన్, కాబట్టి 0.5 మైక్రోమీటర్లు. మన కన్ను చూడగలిగేది సుమారు 0.4 నుంచి 0.7 దాకా. సరిగ్గా అందులో పడింది. మీ స్లాబుకు 9.1 వస్తుంది. అది పరారుణ కిరణాల ప్రాంతం, కన్ను అక్కడికి పనిచేయదు, చర్మం వెచ్చదనంగా పసిగడుతుంది. ఫర్నేస్‌లో 850 డిగ్రీలకు కాలిన ఇనుముకు 2.6 వస్తుంది. అంటే ధగధగలాడే ఆ ఇనుము కూడా తన శక్తిలో ఎక్కువ భాగాన్ని కనపడని పరారుణంగానే పంపుతోంది. మనం చూసే ఎరుపు దాని కొసరు.

మీ ఆయనను ఒక్క మాట అడగండి. కాల్చిన పీసును బయటికి తీసి పెడితే, కాసేపటికి ఎరుపు పోయి నల్లబడుతుంది కదా. అప్పుడు దాని దగ్గర మొహం పెడతారా? పెట్టరు. సెగ ఇంకా కొడుతూనే ఉంటుందని ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. 400 డిగ్రీల దగ్గర ఇనుము చీకట్లో కూడా వెలగదు, అయినా లెక్క ప్రకారం చదరపు మీటరుకు 11 వేల వాట్లకు పైగా విసురుతుంది. ఆ నల్లబడిన పీసు ఇంకా ఇంకా చల్లారుతూ 45 డిగ్రీలకు వస్తే, అదే మీ స్లాబు. మధ్యలో ఎక్కడా ఒక గీత గీసి, ఇక్కడితో విసరడం ఆగిపోయింది అని చెప్పే చోటు లేదు. 850 డిగ్రీల ఇనుముకూ మీ స్లాబుకూ చదరపు మీటరుకు తేడా దాదాపు 155 రెట్లు. తేడా పెద్దదే. కానీ ఫర్నేస్ తలుపు తీసి ఉండేది కాసేపు, స్లాబు మాత్రం గది వైశాల్యం అంతా పరుచుకుని రాత్రంతా నెత్తిన ఉంటుంది. ఫర్నేస్ ముందు నుంచి వచ్చిన మనిషికి ఇంట్లో వేడి లెక్కలోకి రాకపోవడంలో వింత లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, కొడుకును కావాలని కాదనడమూ లేదు.

ఇంకో సంగతి ఆయనకు నచ్చవచ్చు. ఆయన రోజూ పనికి వెళ్లే బాలానగర్‌లోనే జాతీయ దూర సంవేదన కేంద్రం ఉంది. ఉపగ్రహాలు పంపే సమాచారంలో పరారుణ వికిరణాన్ని చూసి అడవుల్లో ఎక్కడ నిప్పు అంటుకుందో అక్కడ గుర్తిస్తారు. 2013లో పంపిన ఇన్‌శాట్ 3డీ లాంటి వాతావరణ ఉపగ్రహాలు అర్ధరాత్రి కూడా మబ్బుల ఫోటోలు తీయగలిగేది, నేల, మబ్బులు చీకట్లోనూ వికిరణం ఇస్తూనే ఉంటాయి కాబట్టే. కరోనా రోజుల్లో స్కూల్ గేటు దగ్గర నుదుటికి పెట్టిన గన్ కూడా అంతే. అది మన మీదికి ఏదో పంపి కొలవదు, మన నుదురు ఇచ్చేదాన్ని పుచ్చుకుని లెక్క కడుతుంది. ఎల్ఈడీ బల్బు, ట్యూబ్‌లైట్, మిణుగురు పురుగు మాత్రం ఈ కోవలోకి రావు. వాటి వెలుగు వేడి వల్ల వచ్చేది కాదు, కాబట్టి వాటికి వీన్ నియమం వాడకూడదు.

ఇక తెల్లరంగు ప్రశ్న. మంచి శోషకమే మంచి ఉద్గారకం, అంటే బాగా పుచ్చుకునేదే బాగా ఇస్తుంది అని 1859లో కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. పాఠం నేర్చుకునేటప్పుడు మనం ఒక మాట జారవిడుస్తాం. ఆ నియమం ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర వర్తిస్తుంది. డాబా ఎండను పుచ్చుకునేది ఎక్కువగా 0.3 నుంచి 2.5 మైక్రోమీటర్ల మధ్య. తాను విడుదల చేసేది 9 దగ్గర. సున్నం, తెల్ల పెయింటు మొదటి చోట వెలుతురును తిప్పికొడతాయి. రెండో చోట అవి దాదాపు కృష్ణ వస్తువులే. పగలు తక్కువ తాగి, రాత్రి బాగా వదులుతాయి. అంతకన్నా మనకు కావలసింది ఏముంటుంది? మనిషి చర్మం కూడా ఏ రంగుదైనా పరారుణంలో దాదాపు నలుపే. నిజంగా వికిరణం తక్కువ ఇచ్చేది మెరుగుపెట్టిన లోహం. స్టీలు గ్లాసు, అల్యూమినియం రేకు లాంటివి. కాబట్టి నలుపు, తెలుపు అని బట్టీ పట్టకుండా, గరుకు ముఖం, మెరిసే లోహపు ముఖం అని గుర్తుపెట్టుకో బాబూ. రెండు ఒకేరకం స్టీలు గ్లాసులు తీసుకుని, ఒకదానికి బయట కొవ్వొత్తి మసి పట్టించి, రెండింటిలో సమానంగా వేడినీళ్లు పోసి, మూతలు పెట్టి చూడు. మసి గ్లాసు ముందు చల్లారుతుంది. నీళ్లు పోసేటప్పుడు అమ్మను పక్కన ఉండమను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను అమ్మా. ఇల్లు మారాలా, వాణ్ని గట్టిగా కూర్చోబెట్టాలా అన్నారు. ఈ రెండింటికీ మధ్య చాలా దారులున్నాయి.

డాబాకు సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు గానీ వేయించడం మొదటిది. వేడిని వచ్చే దారిలోనే ఆపేది ఇదొక్కటే, అందుకే నా మొగ్గు దీనివైపే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్నే ప్రకటించింది, కాబట్టి ఇంటి ఓనరుకు ఇది కొత్త మాట కాకపోవచ్చు. అయితే డాబా ఓనరుది. అడిగితే ఒప్పుకోవచ్చు, సగం మీరు పెట్టుకోండి అనవచ్చు, అద్దె పెంచే సాకు దొరికిందనుకోవచ్చు. కింది అంతస్తు వాళ్లకూ కొంత మేలు ఉంటుందని ముందే చెప్పి అడగండి. సున్నం చవక, కానీ వానలకు పోతుంది, ఏటా వేయాలి. పెయింటు ఖరీదు, ఎక్కువకాలం ఉంటుంది. ఏదైనా దుమ్ము పట్టితే తెలుపు పని చేయదు, అప్పుడప్పుడు కడగాలి.

ఓనరు ఒప్పుకోకపోతే గది లోపల చేసుకోగలిగింది ఉంది. మంచం, చదువుకునే చోటు ఉన్నంతమేర స్లాబు కింద జానెడు ఖాళీ వదిలి పాత పంచెగానీ దుప్పటిగానీ అడ్డంగా కట్టడం. స్లాబు నుంచి వచ్చేదాన్ని బట్ట తాగి, తాను వేడెక్కి, సగం పైకి, సగం కిందికి ఇస్తుంది. లెక్క ప్రకారం ఒక్క పొరకే దాదాపు సగం తగ్గుతుంది. బట్టకు బదులు మెరిసే అల్యూమినియం రేకు షీటు కడితే ఇంకా చాలా తగ్గుతుంది, ఎందుకంటే ఆ మెరుపు ముఖం వికిరణాన్ని పదోవంతు కూడా విడుదల చేయదు. ఇబ్బందులు లేకపోలేదు. గది తక్కువ ఎత్తుగా అనిపిస్తుంది, మేకులు కొట్టడానికి ఓనరు ఒప్పుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాన్ రెక్కలకు బట్ట తగలకుండా దూరంగా, బిగుతుగా కట్టాలి. కరెంటు వైర్లు, హోల్డర్ల దగ్గరికి రేకు పోనివ్వకూడదు. ఈ కట్టే పని ఫర్నేస్ దగ్గర పనిచేసే మనిషి మనందరికన్నా బాగా చేస్తారు.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం చాలామంది చేస్తారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 24 లక్షల జౌళ్ల వేడి తీసుకుంటుంది, ఆ వేడి స్లాబులోదే. పనిచేస్తుంది. కానీ ఎండాకాలంలో మీ ఏరియాలో నీళ్ల ట్యాంకర్ల కోసం ఎదురుచూడవలసి వస్తుంటే ఇది నిలబడదు. స్లాబుకు పగుళ్లుంటే కిందికి చెమ్మ దిగి ఓనరుతో కొత్త గొడవ. కూలర్ కొనడం ఇంకోటి. ఏప్రిల్, మే నెలల పొడి గాలికి బాగుంటుంది. గాలిని చల్లార్చుతుంది గానీ స్లాబు సెగ అలాగే ఉంటుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది.

ఖర్చు లేని దారి వేళలు మార్చుకోవడం. డాబా మీద పడుకుని, తెల్లవారుజామున చదువుకోవడం. రాత్రి మబ్బు లేకపోతే డాబా పైముఖం, పడుకున్న మనిషి ఒళ్లు ఆకాశానికి వికిరణం ఇస్తాయి. పొడిగా ఉన్న గాలి 8 నుంచి 13 మైక్రోమీటర్ల మధ్య కిరణాలను చాలావరకు దాటిపోనిస్తుంది. మన ఒంటి వికిరణం గరిష్ఠంగా ఉండేది 9.4 దగ్గర. ఇచ్చింది పైకి పోతుంది, తిరిగి వచ్చేది తక్కువ. అందుకే ఆరుబయట అంత హాయి. పూర్వం అలహాబాద్‌లో చలికాలపు రాత్రుల్లో ఎండిన దంట్ల మీద పరిచిన మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి, గాలి ఇంకా గడ్డకట్టేంత చల్లబడకపోయినా మంచు తయారుచేసేవారు. ఆ పద్ధతిని రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు అధికారి రాసి పంపితే 1775లో లండన్‌లో అచ్చయింది. నాలుగున్నర, ఐదు గంటలకు మీ స్లాబు కూడా బాగా చల్లారి ఉంటుంది. అయితే దోమలు, పిట్టగోడ ఎత్తు, పెందలాడే పడుకునే అలవాటు చూసుకోవాలి. పదింటికి ఫోన్ చూస్తూ కూర్చునే పిల్లవాడైతే ఇది నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది.

ఇల్లు మారడం చిట్టచివరిది. మధ్య అంతస్తులో ఇల్లు దొరికితే స్లాబు సమస్య పోతుంది, నిజమే. మీ కుట్టుపని దెబ్బతింటుంది, స్కూలు దూరం కావచ్చు. పై దారుల్లో ఒకటి రెండు చేసి చూశాక కూడా గది భరించలేనట్టుంటే అప్పుడు ఆలోచించండి. మారేదైతే జూన్‌లో స్కూళ్లు తెరవకముందే మారడం మేలు. వాడి పరీక్షల నెలలో మళ్లీ ఎండలు మొదలవుతాయి.

రెండో తగవు మాటది. పిల్లవాడు చెప్పిన సైన్సు సరైనది. అన్న మాట సరైనది కాదు. ఈ రెండింటినీ కలపకండి. "నువ్వే కరెక్టని రాశారు" అని మీరు వాడికి చెప్పి ఊరుకుంటే, తండ్రిని అన్నదానికి కూడా ముద్ర పడినట్టు అవుతుంది. "ముందు నాన్నకు సారీ చెప్పు" అని మాత్రమే అంటే, సరైనది చెప్పినందుకు తల వంచమంటున్నారని వాడు అనుకుంటాడు. స్లాబు గురించి ఏమీ మాట్లాడకుండా, మామయ్య ముందు అలా అన్నందుకు మాత్రమే క్షమించమని వాడు అడగగలడేమో చూడండి. మేనమామ ముందు జరిగింది కాబట్టి ఆయన్ను పిలిపించి మాట్లాడించవచ్చు. త్వరగా కలుస్తారు. కానీ మీ ఆయనకు మళ్లీ పంచాయితీ పెట్టినట్టు అనిపించే ప్రమాదం ఉంది. ఆయన మౌనంగా లేచి వెళ్లిన తీరు చూస్తే, నలుగురిలో కూర్చోబెట్టడం ఆయనకు నచ్చదని నాకు అనిపిస్తోంది.

నేనైతే కొలతను మధ్యలో పెడతాను. మీ ఆయన యూనిట్‌లో ఉష్ణోగ్రత కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే, అనుమతి అడిగి ఒక రాత్రికి ఇంటికి తేగలరేమో కనుక్కోండి. ఫర్నేస్‌కు వాడేవి కొన్ని బాగా ఎక్కువ వేడి దగ్గరే మొదలవుతాయి, అవి స్లాబుకు పనికిరావు. నుదుటికి పెట్టే గన్‌లలో కొన్నింటికి వస్తువుల ఉపరితలం కొలిచే మోడ్ ఉంటుంది, అది చాలు. రాత్రి ఎనిమిదికి, పదకొండుకు, తెల్లవారి ఐదుకు స్లాబు లోపలి ముఖం, గోడ, నేల కొలిచి వాడు నోట్‌బుక్‌లో రాయాలి. కొలవడం తండ్రి చేతిలో ఉండాలి, లెక్క కొడుకు వేయాలి. మెరిసే స్టీలు మీద పెడితే గన్ తప్పు అంకె చూపిస్తుందని ఆయనకు బహుశా అనుభవంలో తెలిసే ఉంటుంది, ఎందుకో వాడు చెప్పగలడు. నైట్ షిఫ్ట్ ఉన్నన్నాళ్లు ఇది కుదరదు, వారపు సెలవు రోజు చూడాలి.

ఒకవేళ ఆయన ఇష్టపడకపోతే బలవంతం చేయవద్దు. వాడొక్కడే కొలిచి, కాగితం గోడకు అంటించినా చాలు. చూస్తారు. స్లాబు 45 లేకపోవచ్చు, 40 ఉండవచ్చు. అప్పుడు నా లెక్క మారుతుంది, 318 బదులు 313 పెట్టి వాణ్నే మళ్లీ వేయమనండి. అంకె నేను అనుకున్నదానికన్నా తక్కువ వస్తే, బట్ట కట్టుకోవడం, వేళ మార్చుకోవడంతోనే సరిపోతుంది, పెయింటు గురించి ఓనరుతో ఇప్పుడే మాట పడనవసరం లేదు. 42, 43 దాటితే మాత్రం ఆ కాగితం తీసుకుని ఓనరు దగ్గరికి తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి వెళ్లి మాట్లాడితే బాగుంటుంది.